హార్డ్‌విక్ హాల్: లెక్కలు రాసుకుని కట్టించిన ఇల్లు

మొదటి రోజు: చెస్టర్‌ఫీల్డ్

రెండేళ్ల కిందట మొదటిసారి ఇంగ్లండ్ వచ్చినప్పుడు మా అల్లుడు మమ్మల్ని కారులో లీడ్స్ తీసుకెళ్తున్నాడు. ఎమ్1 మోటర్‌వే మీద డెర్బీషైర్‌లో పోతుండగా, సాయంత్రం ఎండలో కుడివైపు గుట్ట మీద ఏదో భగ్గున మెరిసింది. గుట్టంతా నిప్పంటుకుందేమో అనిపించింది. "ఏమిటి బాబూ అది?" అన్నాను. "హార్డ్‌విక్ హాల్ అత్తయ్యా. పాతకాలం బంగళా. అవన్నీ కిటికీ అద్దాలు" అన్నాడు. అప్పటికే కారు దాటిపోయింది. ఆ మెరుపు మాత్రం నా కళ్లలో ఉండిపోయింది. తెనాలి తిరిగి వెళ్లాక కూడా ఆ ఇంటి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ఈసారి జూన్‌లో వస్తూనే అమ్మాయికి చెప్పేశాను. లండన్‌లో షాపింగులు వద్దు, నాలుగు రోజులు సెలవు పెట్టి నన్ను అక్కడికి తీసుకెళ్లమని. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో చెస్టర్‌ఫీల్డ్. హార్డ్‌విక్‌కి అదే దగ్గర ఊరు, అక్కడే బస.

స్టేషన్ నుంచి బయటికి రాగానే ఊరి మధ్య చర్చి శిఖరం కనబడింది. వంకర శిఖరమని విన్నాను గానీ మరీ ఇంతనుకోలేదు. చేత్తో పట్టుకుని బట్ట పిండినట్టు మెలి తిరిగి ఉంది. ఎత్తు 228 అడుగులు. 45 డిగ్రీలు మెలి తిరిగి, తొమ్మిదిన్నర అడుగుల దాకా పక్కకి ఒరిగింది. 14వ శతాబ్దంలో కట్టారు. ఆరని పచ్చి ఓక్ కలప వాడారని, లోపల అడ్డదూలాలు సరిపడా వేయలేదని, ఆ కర్ర మీద టన్నుల కొద్దీ సీసం రేకులు పరిచారని కారణాలు చెబుతారు. కలప ఆరుతూ మెలి తిరిగింది, పైన బరువు దాన్ని ఇంకా తిప్పింది.

నాకు మా ఇంటి తలుపులు గుర్తొచ్చాయి. 1978లో మా అమ్మ తెనాలిలో ఇల్లు కట్టించింది. నాన్న ఉద్యోగం రాయచూరులో, నెలకోసారి వచ్చేవారు. ఇసుక బండ్ల దగ్గర్నుంచి తాపీ మేస్త్రీ కూలీ దాకా అన్నీ అమ్మే చూసుకునేది, సాయంత్రం దీపం పెట్టాక రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకునేది. కలప అడితి అతను ఆరని టేకు అంటగట్టబోతే చెక్క వాసన చూసి వెనక్కి పంపింది. హార్డ్‌విక్ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ నోటుబుక్కే మనసులో మెదిలేది. ఎందుకో ముందుముందు చెబుతాను.

రెండో రోజు: రెండు ఇళ్లు, ఒకే గుట్ట

పొద్దున్నే టాక్సీలో బయల్దేరాం. అరగంట లోపే చేరాం. పార్కు గేటు దాటాక రోడ్డు గుట్ట చుట్టూ తిరుగుతూ పైకి ఎక్కుతుంది. పైన ఎదురెదురుగా రెండు ఇళ్లు. ఒకటి పైకప్పు లేని శిథిలం, ఓల్డ్ హాల్. రెండోది చెక్కుచెదరకుండా నిలబడ్డ న్యూ హాల్. రెండింటినీ కట్టించింది ఒకే మనిషి, అదీ దాదాపు ఒకే కాలంలో.

ఆవిడ పేరు ఎలిజబెత్. అందరూ బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అంటారు. 1520లలో ఈ గుట్ట మీదే ఒక మామూలు భూస్వామి ఇంట్లో పుట్టింది. కట్నం ఇవ్వడానికి కూడా కష్టమైన కుటుంబం. నలుగురు భర్తలు. మొదటి అతను రాబర్ట్ బార్లో, పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు. రెండో ఆయన సర్ విలియం కావెండిష్, రాజుగారి ఖజానా ఉద్యోగి. వాళ్లకి ఎనిమిది మంది పిల్లలు, ఆరుగురు బతికారు. చాట్స్‌వర్త్ ఎస్టేట్ 1549లో కొన్నది ఆయనతో ఉండగానే. ఆయన పోయాక సర్ విలియం సెంట్ లో. ఆయనా పోయాక ష్రూస్‌బరీ ఎర్ల్ జార్జ్ టాల్బట్ (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువుల బిరుదు), ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లోని మహా సంపన్నుల్లో ఒకడు.

ఆ నాలుగో పెళ్లి మొదట్లో బాగానే సాగింది. తర్వాత ఎలిజబెత్ రాణి వాళ్ల నెత్తిన ఒక భారం పెట్టింది. స్కాట్లండ్ రాణి మేరీని బందీగా మీ ఇళ్లలో ఉంచి కాపలా కాయండి అంది. 1569 నుంచి 15 ఏళ్లకు పైగా ఆ కాపలా. ఖర్చు వీళ్లది, అనుమానం రాణిది. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు పెరిగి, ఆస్తి తగాదాలై, చివరికి బెస్ చాట్స్‌వర్త్ వదిలేసి తన పుట్టింటికి, ఈ గుట్ట మీదికి వచ్చేసింది. అప్పటికే ఆ పుట్టింటి ఆస్తి అప్పుల్లో పోతే ఈవిడే కొనిపించింది. మేరీ రాణి ఈ ఇంట్లో ఉండేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మేరీ తల తీసింది 1587లో, న్యూ హాల్‌కి పునాది పడింది 1590లో.

ముందు ఓల్డ్ హాల్ చూశాం. పుట్టింటి పాత ఇంటినే పెంచుకుంటూ పోయి 1580ల చివర్లో కట్టించుకున్నది. ఒక పద్ధతి లేకుండా పెరిగిందని ఇప్పటికీ తెలుస్తుంది. 18వ శతాబ్దంలో పైకప్పులు తీసేశారు. నాలుగంతస్తుల గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. మెట్లెక్కి పైకి వెళ్లి తలెత్తితే, అందనంత ఎత్తులో ఒక నిప్పుగూడు, దాని మీద గచ్చుతో చేసిన ఇద్దరు రాక్షసాకారులు. గాగ్, మేగాగ్ అంటారు వాళ్లని. గది లేదు, నేల లేదు, కప్పు లేదు. నిప్పుగూడు ఒక్కటే గోడకి వేలాడుతున్నట్టు ఉంది. గచ్చు ఇన్నాళ్లు ఎలా ఆగిందా అని అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

1590 నవంబరులో ఎర్ల్ చనిపోయాడు. బెస్ చేతికి భరణం, భూములు, గనులు అన్నీ వచ్చాయి. ఇంగ్లండ్‌లో రాణి తర్వాత అంత డబ్బున్న ఆడమనిషి లేదని చెప్పుకునేవారు. ఓల్డ్ హాల్ పనులు ఇంకా పూర్తి కాకుండానే, వంద గజాల దూరంలో న్యూ హాల్ పని మొదలైంది. అప్పటికి ఆవిడ వయసు అరవై దాటింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన హైదరాబాదులో చార్మినార్ కట్టారు, 1591లో. ఒకే సమయంలో అక్కడా ఇక్కడా సున్నం గానుగలు తిరుగుతూ ఉండి ఉంటాయని తలుచుకుంటే ఒళ్లు పులకరించింది.

న్యూ హాల్ ప్లాను రాబర్ట్ స్మిత్‌సన్ గీశాడని అందరూ ఒప్పుకుంటారు. నాటింగ్‌హామ్‌లో వోలాటన్ హాల్ కట్టిన మేస్త్రీ ఆయనే. మేస్త్రీ అనే అంటున్నాను. రాయి చెక్కడంతో మొదలుపెట్టి ప్లాన్లు గీసేదాకా ఎదిగినవాడు.

పడమటి ముఖం ఎదుట గడ్డిలో కూర్చుని ఆ ఇంటిని చూశాం. పొడవాటి పెట్టె లాంటి ఇల్లు, దాని చుట్టూ ఆరు చదరపు బురుజులు. నగిషీలు పెద్దగా లేవు. ఉన్నదంతా కిటికీలే. "హార్డ్‌విక్ హాల్, గోడ కంటే అద్దమే ఎక్కువ" అని ఇంగ్లీషులో ప్రాసతో ఒక సామెత ఉంది, ఊరికే పుట్టలేదు. అంతకు ముందు తరాల్లో కిటికీ అద్దం ఎంత ఖరీదంటే, ఇల్లు మారేటప్పుడు అద్దాలు ఊడదీసి వెంట తీసుకెళ్లేవాళ్లు. ఈవిడ ఏకంగా గోడలే అద్దాలతో కట్టించింది.

ఇంకో విచిత్రం, పైకి పోయేకొద్దీ కిటికీలు పెద్దవవుతాయి. మన ఇళ్లలో కింది అంతస్తే ఘనంగా ఉంటుంది. ఇక్కడ కింద పనివాళ్లు, వంటిళ్లు, దాణా గదులు, చిన్న కిటికీలు. మొదటి అంతస్తులో కుటుంబం ఉండే గదులు, కాస్త పెద్ద కిటికీలు. రెండో అంతస్తు రాణిగారు ఎప్పుడైనా వస్తే కూర్చోబెట్టడానికి, అక్కడ నిలువెత్తు కిటికీలు. బయట నిలబడి కిటికీల సైజు చూస్తేనే ఎవరు ఎక్కడ ఉండేవారో చెప్పేయొచ్చు. ఎలిజబెత్ రాణి మాత్రం ఏనాడూ రాలేదు.

మరి అంత అద్దం పెడితే ఇల్లు దేని మీద ఆగింది? నాకు ఎప్పట్నుంచో ఉన్న ప్రశ్న ఇది. గోడ పలచనై కన్నాలు ఎక్కువైతే బరువు దిగే దారి ఉండదు. దానికి జవాబు ఇంటి లోపల ఉంది. ఇంటి నిడివి పొడుగునా మధ్యలో వెన్నెముకలాగా ఒక మందపాటి గోడ నడుస్తుంది. నిప్పుగూళ్లు, పొగగొట్టాలు ఎక్కువ భాగం లోపలి గోడల్లోనే సర్దారు. అందుకని బయటి గోడలు కిటికీలకి ఖాళీ అయ్యాయి. అలా కుదరని చోట్ల కిటికీ ఉత్తుత్తిది, బయటికి అద్దం కనబడుతుంది గానీ వెనక పొగగొట్టం. బయట వరస తప్పకూడదు, ఎడమవైపు ఎన్నో కుడివైపూ అన్నే ఉండాలి. నిన్న చూసిన శిఖరానికి లేనిదీ, ఈ ఇంటికి ఉన్నదీ ఆ లోపలి బిగువే.

తలెత్తి చూస్తే బురుజుల కొసన, ఆకాశానికి ఆనించి చెక్కినట్టు రాతి అక్షరాలు. ఈ, ఎస్. పైన ఒక కిరీటం. ఎలిజబెత్ ష్రూస్‌బరీ. ఆరు బురుజుల మీదా అవే అక్షరాలు. భర్తల పేర్లతో కాదు, కొడుకుల పేర్లతో కాదు, తన పేరుతో గుట్ట మీద సంతకం పెట్టింది. "అమ్మా, అమ్మమ్మ మన ఇంటి గేటు మీద ఎవరి పేరు రాయించింది?" అని అడిగింది అమ్మాయి. నాన్న పేరు. అమ్మ పేరు ఆ నోటుబుక్కు అట్ట మీద తప్ప ఎక్కడా లేదు.

సాయంత్రం తిరుగు టాక్సీ చెప్పిన టైముకి రాలేదు. ఫోన్ చేస్తే పది నిమిషాలంటారు, మళ్లీ చేస్తే ఇంకో పది. చీకటి పడితే ఎలాగని నాకు టెన్షన్ పట్టుకుంది. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి గానీ వెలుతురు పోదని అమ్మాయి నవ్వింది. అయితే ఆ ముప్పావుగంట నాకు దక్కడమే మంచిదైంది. సూర్యుడు పడమట వాలేకొద్దీ కిటికీలు ఒక్కొక్కటే అంటుకున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి కిటికీలోనూ అరచేతి పాటి అద్దపు ముక్కలు, వాటి మధ్య సీసపు బద్దీలు. పాత అద్దం చదునుగా ఉండదు, నీళ్లలా అలలు తేలి ఉంటుంది. ప్రతి ముక్కా ఒక్కో కోణంలో వెలుగుని విసురుతోంది. మోటర్‌వే మీద నుంచి నేను చూసిన మెరుపు ఇదే.

మూడో రోజు: లోపల

తలుపు దాటగానే హాలు. ఇంగ్లండ్ పాత ఇళ్లలో హాలు ఇంటి ముఖానికి అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది, ఒక మూలగా ప్రవేశించాలి. ఇక్కడ స్మిత్‌సన్ దాన్ని తిప్పేశాడు. ముందు తలుపు నుంచి వెనక తలుపుకి ఇంటి మధ్యగా నేరుగా పెట్టాడు. మన పాత ఇళ్లలో వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు కనబడినట్టు. రెండంతస్తుల ఎత్తు, రాతి స్తంభాలు, నిప్పుగూడు మీద బెస్ పుట్టింటి చిహ్నం. దాన్ని రెండు దుప్పులు మోస్తుంటాయి, మెళ్లో ఎగ్లాంటీన్ అనే అడవి గులాబీ దండలు.

హాల్లో అద్దం వెనక భద్రంగా పెట్టిన పెద్ద తెరలు ఉన్నాయి. పురాణ స్త్రీల బొమ్మలు, ఒక్కొక్కటీ మనిషెత్తు దాటినవి. ఒకదాంట్లో పెనెలపి నిలబడి ఉంది. యుద్ధానికి పోయిన భర్త కోసం ఎదురుచూస్తూ, పగలు నేసినది రాత్రి విప్పేసిన గ్రీకు ఇల్లాలు. ఒక పక్క పట్టుదల, ఇంకో పక్క ఓర్పు, ఇద్దరూ ఆడవాళ్ల రూపంలో. 1570లలో చాట్స్‌వర్త్‌లో చేసినవి ఇవి. గుడ్డ ఎక్కడిదంటే, మఠాలు మూసేసినప్పుడు బయటపడ్డ మతగురువుల పట్టువస్త్రాలు. జరీ, మఖమలు కత్తిరించి, కుట్టి, ఈ బొమ్మలు తయారుచేశారు. వంగి చూస్తే పెనెలపి చీర, అదే ఆవిడ గౌను, మీద పాత వస్త్రం నేతలో ఉన్న దానిమ్మ పువ్వు సగానికి తెగి కనిపించింది. తెగిన చోట పసుప్పచ్చ పట్టుదారం మెలిపెట్టి అంచు కుట్టారు. ఆ దారం ఇంకా మెరుస్తోంది.

ఎర్ల్‌తో తగాదా వచ్చినప్పుడు ఈ తెరలు నావంటే నావని ఇద్దరూ పట్టుబట్టారు. బెస్ చెప్పిన జవాబు రికార్డుల్లో ఉంది. ఇవి నా ఇంట్లో నా గుర్రపు కాపర్లు, నా పనిమనుషులు, కొంతమంది కుర్రాళ్లు కుట్టినవి, జీతమిచ్చి పెట్టుకున్న ఎంబ్రాయిడరీ పనివాడు ఏనాడూ ఒకడికి మించి లేడు అని. వాదన అంతా లెక్కే.

హాలు నుంచి రాతి మెట్లు. ఆ మెట్ల గురించి ఎంత రాసినా తక్కువే. ఒకచోట గోడల మధ్య తిరిగి మళ్లీ పైకెక్కవు. ఇంట్లోంచి నదిలా పారుతూ వెళ్తాయి. మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న నేను కూడా ఆయాసపడకుండా ఎక్కాను. కొంత చీకటి, ఒక మలుపు, మళ్లీ కిటికీ వెలుగు. రాయి మధ్యలో అరిగి పళ్లెంలా గుంటపడింది. 400 ఏళ్ల పాదాలు.

మెట్ల చివర హై గ్రేట్ చాంబర్. లోపల అడుగుపెట్టాక మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. కిందనుంచి గోడ సగానికి పైగా పెనెలపి భర్త యులిసీస్ కథ చెప్పే నేత తెరలు. వాటి మీద కప్పు దాకా, గది చుట్టూ, గచ్చుతో అడవి. ఏబ్రహం స్మిత్ అనే గచ్చు పనివాడి బృందం చేసింది. చెట్ల మధ్య వేటదేవత డయానా పరివారంతో కొలువుతీరి ఉంది, ఓ పక్క జింకల వేట, ఓ పక్క పందుల వేట. రంగులు వెలిసిపోయి లేత ఆకుపచ్చ, లేత ఎరుపు మిగిలాయి. డయానా కన్య, ఎలిజబెత్ రాణీ కన్యే. రాణి వచ్చి కూర్చుంటే నెత్తి మీద తన పోలికే కనబడాలని ఉద్దేశం. ఆ తెరలు బెస్ 1587లో కొన్నది. అంటే గదికి పునాది పడక ముందే. ముందు తెరలు కొని, వాటి కొలతకి గది కట్టించింది. బీరువా కొనిపెట్టుకుని దానికి సరిపోయేలా గోడ లేపించే ఆడవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు, మా అమ్మతో సహా.

అదే గదిలో ఎగ్లాంటీన్ బల్ల ఉంది. పైన చెక్కలో చెక్క పొదిగి వయొలిన్ల లాంటి వాద్యాలు, పేకముక్కలు, చదరంగం పట్టె, స్వరాలు రాసిన పుస్తకం కూడా వేశారు. 1568 ప్రాంతంలో బెస్ ఎర్ల్‌ని చేసుకున్నప్పుడు, ఆవిడ ఇద్దరు పిల్లలకీ ఆయన ఇద్దరు పిల్లలకీ కూడా పెళ్లిళ్లు చేసి ఆస్తి బయటికి పోకుండా ముడేశారు. ఆ మూడు పెళ్లిళ్ల గుర్తు ఈ బల్ల.

పక్క తలుపు తీస్తే లాంగ్ గ్యాలరీ. తూర్పు ముఖం పొడుగునా 160 అడుగులు దాటిన ఒకే గది. వానాకాలం బయట నడవడానికి వీల్లేనప్పుడు ఇంట్లోనే అటూ ఇటూ నడవడానికి. గోడ నిండా పొడుగునా 13 తెరలు, బైబిల్లోని గిడియన్ కథ. 300 మందితో, కుండల్లో దాచిన దివిటీలతో, బాకాలతో పెద్ద సైన్యాన్ని తరిమిన వాడి కథ. ఒక్కో తెర దాదాపు ఆరు మీటర్ల ఎత్తు, అన్నీ కలిపి 70 మీటర్ల పైన. 1578 ప్రాంతంలో ఫ్లాండర్స్‌లో నేశారు. నేయించుకున్నవాడు రాణిగారి లార్డ్ చాన్సలర్ సర్ క్రిస్టఫర్ హాటన్. ఆయన అప్పుల్లో చనిపోతే వారసుడి దగ్గర బెస్ 1592లో కొన్నది. ధర 326 పౌండ్ల 15 షిల్లింగుల 9 పెన్నీలు.

ఇక్కడే నేను ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది ఉంది. తెరల అంచుల్లో హాటన్ వంశ చిహ్నాలు నేసి ఉన్నాయి. వాటిని మూసి తన చిహ్నాలు వేయించుకోవాలి కాబట్టి, ఆ ఖర్చు కింద ఐదు పౌండ్లు తగ్గించమని బేరమాడి తగ్గించుకుంది. తర్వాత రంగులు వేసిన గుడ్డ ముక్కలు పైన అతికించింది. హాటన్ చిహ్నం మీద ఆడజింక ఉంటుంది. ఇంగ్లీషు నావికుడు డ్రేక్ తన ఓడకి గోల్డెన్ హైండ్ (బంగారు ఆడజింక) అని పేరు పెట్టింది ఆ జింక గుర్తుగానే. బెస్ వాటికి కొమ్ములు చేర్పించింది. దాంతో హాటన్ ఆడజింక కావెండిష్ మగదుప్పి అయిపోయింది. జింకని పారేయలేదు, కొత్తది నేయించలేదు. ఉన్నదాన్నే వాడుకుంది.

నేను ఆ అంచు ఎదుట తల పైకెత్తి నిలబడి వెతుకుతుంటే, గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్న వాలంటీరు ఒకావిడ, డెబ్భై ఏళ్లుంటాయి, లేచి వచ్చి చిన్న టార్చితో చూపించింది. వాళ్ల భాషలో నాకు వచ్చిందంతా పోగుచేసి ఆ ఐదు పౌండ్ల సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇక అరగంట మమ్మల్ని వదల్లేదు.

ఆవిడ చెప్పిన మాటల్లో ముఖ్యమైంది ఆ తెరల బాగు. మసి పట్టి, పోగులు తెగి, పాత మరమ్మతులు ఊడి, గది చీకటిగా ఉండేది. ఒక్కొక్క తెరనీ దించి, బెల్జియం పంపి ప్రత్యేక పద్ధతిలో ఉతికించి, తర్వాత ఇలాంటి పాత ఇళ్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వారి నార్ఫోక్ వర్క్‌షాపులో చేతి కుట్టుతో బలపరిచారు. 13 తెరలకీ 24 ఏళ్లు పట్టింది. చివరిది 2023లో గోడకెక్కింది. ఖర్చు సుమారు 17 లక్షల పౌండ్లు. మొదటి తెర మొదలుపెట్టినప్పుడు కొత్తగా చేరినవాళ్లు చివరిది ముగిసేసరికి సీనియర్లయి ఉంటారు. నేసిన వాళ్ల కంటే బాగుచేసిన వాళ్లకే ఎక్కువ కాలం పట్టిందేమో అన్నాను. అవునని తల ఊపింది.

గ్యాలరీలో రాణిగారి పెద్ద బొమ్మ ఒకటుంది. గౌను మీద సముద్రపు జంతువులు, పక్షులు, పువ్వులు కుట్టు పనిలా వేసి ఉన్నాయి. రాణి రాలేదు గానీ ఆవిడ బొమ్మకి మాత్రం ఇక్కడ చోటు దొరికింది.

ఇక్కడ అన్ని కిటికీలకీ తెరలు సగం దించి ఉంచారు. వెలుతురు బట్టని తినేస్తుంది. అద్దాల కోసం పేరుపడ్డ ఇంట్లో ఇప్పుడు పొద్దస్తమానూ చేసే పని వెలుతురుని ఆపడం. ఎండ తిరిగినప్పుడల్లా ఒకరు వచ్చి ఒక తెర దించుతారు, ఇంకోటి లేపుతారు. నేల మీద జమ్ము చాపలు పరిచారు, పాతకాలం లాగే. నడుస్తుంటే మన ఈతాకు చాప మీద నడిచినట్టే ఉంది.

ఈ ఇల్లు ఇంత నిండుగా ఎందుకు మిగిలిందో చెప్పాలి. 1601లో బెస్ వీలునామా రాస్తూ, ఇంట్లో ఏ గదిలో ఏముందో మొత్తం లిస్టు రాయించింది. బల్లలు, తెరలు, దిండ్లు, తివాచీలు, దుప్పట్లు. ఇవన్నీ ఈ ఇంట్లోనే ఉండాలి, వారసులు జాగ్రత్తగా కాపాడాలి అని షరతు పెట్టింది. ఆ లిస్టు చదువుతుంటే ఆవిడ పడకగది కళ్లకి కడుతుంది. ఎర్రటి గుడ్డ పరుపు తెరలు, దుప్పటి మీద దుప్పటి, కిటికీలకీ తలుపులకీ కూడా దళసరి బట్టలు. అద్దాల ఇంట్లో చలికి వణికేది పాపం. అదే గదిలో మనవరాలు అర్బెల్లా మంచం. కూతురి కూతురు, తల్లీ తండ్రీ లేని పిల్ల, సింహాసనానికి హక్కుదారు కూడా. ఆ పిల్లని ఎవరైనా ఎత్తుకెళ్లి పెళ్లి చేసేస్తారని అమ్మమ్మకి భయం. కాపాడ్డం కాస్తా కట్టేయడం అయింది. 1603 ప్రాంతంలో అర్బెల్లా పారిపోవాలని చూసింది. ఆఖరికి తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకుని, అందుకే లండన్ టవర్‌లో బందీ అయి, 1615లో చనిపోయింది. ఇంత తెలివిగల బెస్ ఆ పిల్ల విషయంలో మాత్రం కఠినంగా ఉందని నాకనిపిస్తుంది. మెట్లు దిగుతూ కూడా ఆ పిల్లే గుర్తొచ్చింది.

ఇక లెక్కల సంగతి. ఇల్లు కట్టినప్పటి ఖర్చుల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. రాయి గుట్ట కిందనే ఉన్న సొంత క్వారీది. సీసం, ఇనుము, కలప తన భూముల్లోవి. అద్దానికి తన సొంత గాజు బట్టీ. రాతి గోడల పని జాన్ రోడ్స్, క్రిస్టఫర్ రోడ్స్ అన్నదమ్ములకి కొలత లెక్కన ఇచ్చింది. పలకరాయి చెక్కినవాడు థామస్ ఆక్రెస్, రంగులు వేసినవాడు జాన్ బాలెచౌస్. వీళ్ల పేర్లూ, ఎవరికెంత ఇచ్చిందీ ఆ పుస్తకాల వల్లే మనకు తెలుసు. చివర్లో ఆవిడే చూసి సంతకం పెట్టేది. 1597 అక్టోబరు 4న కొత్త ఇంట్లో చేరింది.

బెస్ తర్వాత ఈ ఇల్లు కావెండిష్ వంశంలో, డెవన్‌షైర్ డ్యూకుల చేతుల్లో ఉంది. వాళ్ల అసలు మకాం చాట్స్‌వర్త్ అవడంతో దీన్ని ఎవరూ ఫ్యాషన్ కోసం పడగొట్టి మార్చలేదు. 1950లో పదో డ్యూకు హఠాత్తుగా చనిపోయాడు. మరికొన్ని నెలలు బతికుంటే తప్పిపోయేది గానీ, ఆస్తి మీద 80 శాతం పన్ను పడింది. ఆ పన్ను కింద 1956లో హార్డ్‌విక్‌ని ప్రభుత్వానికి ఇచ్చేశారు, 1959లో అది నేషనల్ ట్రస్ట్‌కి వచ్చింది. ఇప్పుడిది గ్రేడ్ వన్ లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే కట్టడాల జాబితాలో మొదటి తరగతిది. ఇంగ్లండ్‌లో లిస్టెడ్ కట్టడాలు లక్షల్లో ఉన్నా, గ్రేడ్ వన్ వందకి రెండు మూడే. అనుమతి లేకుండా దాని స్వరూపం మార్చడం నేరం.

ఈ ఇంట్లో చివరిగా కాపురమున్న ఇల్లాలిని మాత్రం మరిచిపోకూడదు. తొమ్మిదో డ్యూకు భార్య ఎవలిన్. భర్త పోయాక 1938 తర్వాత ఈ చలి ఇంట్లో ఉంది. రోజూ కూర్చుని చిరిగిన తెరలు, పాత కుట్లు తన చేత్తో బాగుచేసేది. 1960లో పోయేదాకా అదే పని. ఈ ఇంటిని మొదట లెక్క రాసి కట్టినదీ ఆడమనిషే, చివర సూదితో పట్టి ఉంచినదీ ఆడమనిషే.

నాలుగో రోజు: ఆల్ట్ హక్నల్, డెర్బీ

పొద్దున చినుకులు. పార్కు నుంచి పొలాల గట్ల మీదుగా ఆల్ట్ హక్నల్ అనే చిన్న ఊరికి నడిచాం, రెండు కిలోమీటర్ల లోపే. సెయింట్ జాన్ చర్చిలో నేల మీద ఒక నల్లరాతి పలక. థామస్ హాబ్స్ అక్కడ ఉన్నాడు. రాజ్యం, అధికారం గురించి ఐరోపా అంతా వాదించుకునేలా రాసిన తత్వవేత్త. కావెండిష్ పిల్లలకి పాఠాలు చెబుతూ జీవితమంతా ఆ కుటుంబాన్ని అంటిపెట్టుకుని ఉన్నాడు. 1679 డిసెంబరులో, 91 ఏళ్ల వయసులో హార్డ్‌విక్‌లోనే కన్నుమూశాడు. చర్చిలో మేమిద్దరమే. పలక మీద తడి చెప్పులతో నిలబడలేక పక్కకి జరిగాం.

మధ్యాహ్నం రైల్లో డెర్బీ. కథీడ్రల్లో బెస్ సమాధి. అలబాస్టర్ రాతిలో పడుకున్న బొమ్మ, చుట్టూ స్తంభాలు, పైన చిహ్నాలు. ఇది కూడా తను బతికుండగానే చేయించుకుంది. 1608 ఫిబ్రవరి 13న పోయింది. కట్టడం ఆపనంతకాలం చావు రాదని ఎవరో జోస్యం చెప్పారని, ఆ ఏడాది చలికి సున్నం గడ్డకట్టి పని ఆగిపోయిందని, వేడినీళ్లు పోసినా సున్నం కరగలేదని, అందుకే పోయిందని ఇక్కడ కథ చెబుతారు. కథే. కానీ ఆ ఏడాది నదులు గడ్డకట్టిన చలి మాత్రం నిజం. రాతి మొహం దగ్గర నిలబడితే పెదవులు బిగించి ఏదో లెక్క కూడుకుంటున్నట్టే ఉంది.

స్టేషన్‌లో రైలుకి ఇంకా టైముంది. తెనాలికి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి. అమ్మకి 86 ఏళ్లు, పన్నెండింటి దాకా నిద్రపోదు. అంతా చెప్పాను. ఆరు బురుజులు, అక్షరాలు, గాజు బట్టీ. వింటోంది గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఐదు పౌండ్ల బేరం దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుంది.

"తగ్గించాడా?"

"తగ్గించాడమ్మా."

"మరి జింకలకి కొమ్ములు పెట్టించడానికి ఎంతయింది?"

"అమ్మమ్మా, అది నేను చూడలేదు" అంది అమ్మాయి పక్క నుంచి.

"చూడాలి కదే. ఐదు కంటే తక్కువైతేనే కదా మిగిలినట్టు. సరే, ఆ కొమ్ముల ఫొటో ఒకటి పంపు."

ఫ్లాష్ లేకుండా తీసింది ఒకటి ఉంది, కాస్త చీకటిగా వచ్చింది. అదే పంపాను.